తేమ ఊళ్లో పొడి రాత: చేత్తో జెరాక్స్ తీయడం ఎలా

జెరాక్స్ మెషీన్లు బాగుచేయడం నా పని. వానాకాలంలో నాకొచ్చే ఫోన్లలో సగానికి సగం ఒకటే మాట. "గురూగారూ, టోనర్ అయిపోయినట్టుంది, అక్షరాలు బోలుగా వస్తున్నాయి." వెళ్లి చూస్తే టోనర్, అంటే అక్షరాలు వేసే నల్ల పొడి, నిండుగా ఉంటుంది. కాగితాల కట్ట మాత్రం విప్పేసి, చెమ్మ దిగిన గోడకు ఆనించి, నేల మీద పడి ఉంటుంది.

పని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. ఒక షాపులో అక్షరాలు బోలుగా వస్తున్నాయంటే ట్రాన్స్‌ఫర్ రోలర్ (పొడిని కాగితం మీదికి లాగేది) మార్చేసి డబ్బులు కూడా తీసుకున్నాను. మర్నాడు మళ్లీ అదే బోలు. చివరికి పక్క షాపులో ఒక కొత్త ప్యాకెట్ అడిగి తెచ్చి విప్పి పెడితే నల్లగా, నిండుగా వచ్చింది. తీసుకున్న డబ్బులు వెనక్కి ఇచ్చాను గానీ ఆ షాపాయన మొహం ఇప్పటికీ గుర్తే.

జెరాక్స్ తీసే పద్ధతి అసలు పేరు జెరోగ్రఫీ, అంటే గ్రీకులో 'పొడి రాత'. సముద్రం ఒడ్డున, ఏడాదిలో ఎక్కువ నెలలు చొక్కా ఒంటికి అతుక్కుపోయే విశాఖలో పొడి రాత నడపడమంటే మాటలు కాదు. మెషీన్ మూత వెనక ఏం జరుగుతోందో అర్థం కావాలంటే ఆ పనంతా ఒక్కసారి చేత్తో చేసి చూడాలి. మెషీన్ అక్కర్లేదు. ఒక అక్రిలిక్ ముక్క, పట్టు గుడ్డ, ఇసుక, కాస్త టోనర్, పాత పెనం ఉంటే చాలు. కిందటి జనవరిలో మా మేనకోడలి సైన్స్ ప్రాజెక్టు కోసం ఇంట్లో చేసిన పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

అసలు జెరాక్స్ పుట్టిందే ఇలా చేత్తో. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఒట్టో కోర్నై కలిసి గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది ఛార్జ్ (స్థిర విద్యుత్తు) ఎక్కించారు. సిరాతో తేదీ, ఊరి పేరు రాసిన గాజు ముక్కను దాని మీద పెట్టి దీపం వెలుగు చూపించారు. వెలుగు తగిలిన చోట ఛార్జ్ జారిపోయింది, అక్షరాల నీడ పడిన చోట మిగిలింది. దాని మీద లైకోపోడియం అనే మొక్క పొడి చల్లి, ఊది, మైనం కాగితం అద్ది, వేడి చేశారు. అక్కడ కరిగింది కాగితం మీది మైనం, పొడి కాదు. ఆ కరిగే గుణాన్ని తర్వాత పొడికే ఇచ్చారు. అదే టోనర్. దాంతో మామూలు కాగితమైనా సరిపోయింది. ఇవాళ మనం టోనర్ అనే పొడిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే: స్టైరీన్ అక్రిలేట్ గానీ పాలియెస్టర్ గానీ. అందులో రంగు కోసం కార్బన్, కాస్త మైనం, ఛార్జ్ సరిగా పట్టడానికి మరికొన్ని దినుసులు. ఒక్కో రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

మనం చేసే దాంట్లో వెలుగు పని చేతికి అప్పజెబుతాం. మిగతాదంతా మెషీన్లో జరిగేదే.

కావలసినవి

అక్రిలిక్ పలక: 3 మిల్లీమీటర్ల మందం, అరచేతికి రెండింతల సైజు. నేమ్ బోర్డులు చేసే షాపుల్లో కత్తిరించగా మిగిలిన ముక్కలుంటాయి. గాజు మాత్రం వద్దు. మన గాలికి గాజు మీద కంటికి కనపడని తేమ పొర పట్టి ఛార్జ్ అంతా దాని మీదుగా పారిపోతుంది.

పట్టు గుడ్డ: పాత పట్టుచీర అంచు కాకుండా లోపలి ముక్క. జరీ ఉంటే లోహం కాబట్టి పనిచెడుతుంది.

టోనర్: లేజర్ ప్రింటర్ రీఫిల్ బాటిల్లోది రెండు టీ స్పూన్లు. వేస్ట్ టోనర్ ఊరికే ఇస్తారు కదా అని తెచ్చుకోకండి. అందులో కాగితం నూగు కలిసి ఉంటుంది, ఛార్జ్ సరిగా పట్టదు.

ఇసుక: శుభ్రమైన ఏటి ఇసుక 100 గ్రాములు, టీ వడకట్టుతో జల్లించింది. ఊరంతా ఇసుకే కదా, బీచ్‌లో పిడికెడు తెచ్చుకుంటే పోలేదా అని మా మేనకోడలు అడిగింది. ఆ ఇసుకలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తేమను లాగుతుంది. పైగా భీమిలి వైపు ఇసుకలో నల్లగా ఇల్మనైట్, ఎర్రగా గార్నెట్ అనే ఖనిజాలు కలిసి ఉంటాయి. అవి ఏ ఛార్జ్ ఇస్తాయో చెప్పలేం.

ఇవి కాక మామూలు ప్రింటింగ్ కాగితాలు, పీవీసీ పైపు ముక్క, ఒక కొవ్వొత్తి, శుభలేఖ అట్ట, ఉన్ని గుడ్డ ముక్క, థర్మోకోల్ పూసలు, జిప్ కవరు, గాజు సీసా, ట్రే, బేకింగ్ పేపర్, ఇస్త్రీ పెట్టె, మళ్లీ వంటకు వాడని పాత పెనం.

ఒక హెచ్చరిక. టోనర్ గాలిలోకి లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నం, మంట తగిలితే గుప్పున అంటుకునే రకం. ఫ్యాన్ ఆపండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి, దగ్గర్లో అగరబత్తి కూడా వెలిగించొద్దు. ఒలికితే మామూలు వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, తడిగుడ్డతో అద్ది తీయండి. ఛార్జ్ కోసం పాత టీవీ ట్రాన్స్‌ఫార్మర్లు, మైక్రోవేవ్ కాయిల్స్ జోలికి అస్సలు పోవద్దు. అవి ప్రాణాలు తీస్తాయి. పాత జెరాక్స్ డ్రమ్ములు (మెషీన్లో మన పలక పని చేసే గొట్టాలు) దొరికినా గీకవద్దు, కొన్నిటి మీద సెలీనియం, ఆర్సెనిక్ పూత ఉంటుంది.

ముందు అన్నీ ఆరాలి

డిసెంబర్, జనవరి అయితే ఎండెక్కాక హాల్లోనే చేయొచ్చు. జూలైలో అయితే తలుపులు వేసి, ఏసీ గంటసేపు నడిచిన గదిలో చేయండి. ఇసుకను పెనం మీద పది నిమిషాలు వేయించి, మూత పెట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి ఇసుకలో టోనర్ పోస్తే ఉండలు కడుతుంది. కాగితాన్ని కొత్త ప్యాకెట్లోంచి తీసి, ఇస్త్రీ పెట్టెతో రెండు వైపులా రుద్ది, జిప్ కవర్లో వేసి పెట్టుకోండి. ఈ ఒక్క పని మర్చిపోతే చివర్లో అంతా బూడిదలో పోసిన పన్నీరే.

అక్రిలిక్ మీది రక్షణ పొర ఊడదీసినప్పుడు చిటపటమంటుంది. అదంతా ఛార్జే. దాని మీద టోనర్ పోస్తే పలక మొత్తం నల్లబడుతుంది. అందుకే పొర తీశాక తడి పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనివ్వండి. స్పిరిట్‌తో తుడిస్తే అక్రిలిక్ మీద సన్నటి పగుళ్లు వస్తాయి. ఛార్జ్ పోయిందో లేదో తెలియాలంటే చిన్న థర్మోకోల్ పూసలు దగ్గర పెట్టండి. పూస ఎగిరి అతుక్కోకపోతే పలక ఖాళీగా ఉన్నట్టే.

అచ్చు కోయడం

శుభలేఖ అట్ట మీద అక్షరం రాసి లోపలి భాగం కోసేయండి. రెండు చిక్కులు. మొదటిది, పలక మీది బొమ్మ కాగితం మీదికి అద్దంలో బొమ్మలా తిరగబడి వస్తుంది. కాబట్టి అచ్చును తిరగేసి పెట్టి రుద్దాలి. రెండోది మన లిపితో వచ్చేది. ఇంగ్లిష్‌లో 'టి'యో 'ఎల్'యో అయితే ఏ గొడవా లేదు. మా పిల్ల 'విశాఖ' అని రాస్తానని పట్టుబట్టింది. వి లో సున్నా, ఖ లో సున్నా, కోయగానే మధ్య ముక్క టపీమని రాలిపోయింది. సున్నా మధ్యముక్కను బయటి అట్టతో కలుపుతూ రెండు సన్నటి వంతెనలు వదిలి కోయాలి. గీత కూడా 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

పూర్ణా మార్కెట్లో సంక్రాంతికి అమ్మే ప్లాస్టిక్ ముగ్గు అచ్చులున్నాయి కదా, కోసే బాధ తప్పుతుందని ఒకటి తెచ్చాను. కుదరలేదు. ప్లాస్టిక్ అచ్చు తనే పలకకు రాసుకుని అడ్డదిడ్డంగా ఛార్జ్ ఎక్కించేసింది. ముగ్గు ఒకటైతే వచ్చింది మరొకటి. అట్టే మంచిది, అదీ ఇస్త్రీ చేసి ఆరబెట్టినది.

ఛార్జ్ ఎక్కించడం

అచ్చును పలక మీద కదలకుండా నొక్కి పట్టుకుని, ఖాళీల్లోంచి పట్టు గుడ్డతో ముప్పై నలభై సార్లు చురుగ్గా రుద్దండి. అక్రిలిక్ మామూలుగా పట్టుతో రుద్దితే ధన ఛార్జ్ తీసుకుంటుంది. లేజర్ ప్రింటర్ టోనర్‌కు చాలావరకు రుణ ఛార్జ్. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అయితే రాపిడి ఛార్జ్ అనేది మహా చంచలం. పలక మీది మురికి, గుడ్డకు పట్టిన చెమట కూడా లెక్కలు మార్చేస్తాయి. అందుకని ముందుగా ఒక అక్రిలిక్ చిన్న ముక్కను పట్టుతో, ఒక పీవీసీ ముక్కను ఉన్నితో రుద్ది, రెండింటి మీదా కాస్త టోనర్ కలిపిన ఇసుక (కలిపే తీరు కింద చెబుతాను) జారించి చూడండి. అక్రిలిక్ ఎక్కువ నల్లబడితే ఈ దారిలోనే వెళ్లండి. పీవీసీ నల్లబడితే మీ టోనర్ ధన రకం, పలకగా పీవీసీ షీటు వాడుకోవాలి.

రుద్దడం అయ్యాక అచ్చును పక్కకు జరపకుండా నిట్టనిలువుగా పైకి లేపండి. పలక మీద ఏమీ కనిపించదు. కంటికి కనిపించని బొమ్మ ఒకటి అక్కడ ఉంది, నిమిషాల్లో వాడిపోతుంది. ఫోన్ మోగినా ఎత్తకండి.

ఇసుక జారించడం

ఇసుక, టోనర్ ముందే కలిపి పెట్టుకోవాలి. 100 గ్రాముల ఇసుకకు ఒకటి రెండు గ్రాముల టోనర్, అంటే టీ స్పూను నిండకుండా. గాజు సీసాలో పోసి రెండు నిమిషాలు బాగా ఊపండి. ఇసుక రేణువులు టోనర్‌ను రాసుకుంటూ దానికి రుణ ఛార్జ్ ఇస్తాయి, అదే సమయంలో ఒంటికి పట్టించుకుని మోస్తాయి. తొలినాటి జెరాక్స్ మెషీన్లు పనిచేసింది ఇలాగే, ఇసుక బదులు సన్నటి పూసలు. ఇప్పుడు పెద్ద కాపియర్లలో డెవలపర్ అని పోస్తామే, అందులో మోసే పని ఇనుప రకం పొడిది, అయస్కాంతం దాన్ని కుంచెలా నిలబెడుతుంది.

పలకను ట్రేలో ఏటవాలుగా నిలబెట్టి, పై అంచు నుంచి ఇసుకను సన్నటి ధారగా పోయండి. ఇసుక జరజరా జారి ట్రేలో పడుతుంది. మొదటి ధారకు బూడిద రంగు నీడ, రెండో ధారకు 'వి' గుడి, మూడో ధారకు మొత్తం అక్షరం. మా పిల్ల ఊపిరి బిగబట్టి చూసి, "మామయ్యా, ఇదేటి, గోడలోంచి వచ్చినట్టు వచ్చింది!" అంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా నాకూ ఒళ్లు జలదరించింది.

ఇక్కడ ఆగి బాగా చూడండి. అక్షరం అంచుల్లో నల్లగా, మధ్యలో పలచగా ఉందా? అది మీ తప్పు కాదు. ఛార్జ్ ఉన్న చోటుకీ లేని చోటుకీ మధ్య, అంటే అంచు దగ్గర, విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది. వెడల్పాటి నల్ల మచ్చ మధ్యలో బలం తక్కువ. పాత కాపీల్లో పెద్ద నల్ల భాగాలు బోలుగా ఉండేది ఇందుకే. అందుకే సన్న గీతలు బాగా వస్తాయి. బోలు రెండు రకాలని మాత్రం గుర్తుంచుకోండి: పలక మీదే ఉన్న బోలు వేరు, కాగితం మీదికి వచ్చాక కనపడే బోలు వేరు. ఒక ఫోటో తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు.

కాగితం మీదికి

జిప్ కవర్లోంచి కాగితం తీసి, ఒక అంచు నుంచి మెల్లగా పలక మీద పరవండి. పడ్డాక జరపకూడదు. ఇప్పుడు కాగితం వీపు మీద పీవీసీ పైపు ముక్కను ఒకే దిశలో, అదిమి రుద్దండి, ఇరవై సార్లు. పీవీసీ రుణ ఛార్జ్ లాక్కునే జాతి కాబట్టి కాగితం వీపుకు ధన ఛార్జ్ మిగులుతుంది. అది టోనర్‌ను పలక మీంచి కాగితం వైపు లాగుతుంది. మెషీన్లో ట్రాన్స్‌ఫర్ రోలర్ చేసేది ఇదే, వోల్టేజీతో.

అసలు కిటుకంతా ఇక్కడే. కాగితం పొడిగా ఉంటే వీపు మీది ఛార్జ్ అక్కడే నిలిచి లాగుతుంది. చెమ్మ పడితే కాగితమే తీగలా మారి ఆ ఛార్జ్‌ను మీ వేళ్లలోకి వదిలేస్తుంది. మెషీన్లో అయితే కాగితాన్ని నడిపే లోహపు గైడ్లలోకి. లాగేవాడు లేక టోనర్ పలక మీదే కూర్చుంటుంది. ఆరబెట్టని కాగితంతో ఒకసారి కావాలనే చేసి చూడండి. తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఒక మూల పట్టుకుని కాగితాన్ని మెల్లగా వెనక్కి మడుస్తూ ఎత్తండి. బొమ్మ లేతగా వస్తే నిరాశ పడొద్దు. పొడి మొత్తం ఎప్పుడూ రాదు. లక్షల రూపాయల మెషీన్లో కూడా కొంత డ్రమ్ము మీద మిగిలిపోతుంది. దాన్ని గీకేయడానికే డ్రమ్ము పక్కన బ్లేడు పెట్టేది.

మరీ మొండికేస్తే కార్ల్‌సన్ దారి ఉంది. కాగితం మీద కొవ్వొత్తిని సమంగా రుద్ది, పలక మీద వేసి గట్టిగా అదమండి. ఇక్కడ లాగేది ఛార్జ్ కాదు, మైనం జిగట. బొమ్మ నిండుగా వస్తుంది. వానాకాలంలో పిల్లలతో చేస్తుంటే నేరుగా ఈ దారే పట్టండి. కాకపోతే కాగితం మెరుస్తూ జిడ్డుగా ఉంటుంది.

కరిగించడం

ఇప్పుడు కాగితం మీద ఉన్నది వట్టి పొడి. గట్టిగా తుమ్మితే పోతుంది.

పెనం వేడి చేసి, స్టవ్ ఆపేసి, మంటకు దూరంగా ఒక చెక్క మీద దించండి. నీటి బొట్టు వేయండి. చుయ్‌మని అక్కడికక్కడే ఆవిరైతే 100 డిగ్రీలు దాటినట్టు. బొట్టు ముత్యంలా అటూ ఇటూ పరుగెడితే 200 దగ్గర్లో ఉన్నట్టు, అది ఎక్కువ, కాస్త చల్లారనివ్వండి. బొమ్మ పైకి ఉండేలా కాగితాన్ని పెనం మీద పరిచి పక్క నుంచి వంగి చూడండి. పది, ఇరవై సెకన్లలో ఒక క్షణం వస్తుంది: మసిలా మబ్బుగా ఉన్న అక్షరం ఉన్నట్టుండి తడిసినట్టు నిగనిగలాడుతుంది. రేణువులు కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కాగితం నారలోకి దిగుతున్నాయన్నమాట. మెరుపు అక్షరమంతా పాకగానే తీసేయండి. తర్వాత పైన బేకింగ్ పేపర్ వేసి, ఇస్త్రీ పెట్టెను సిల్కు గుర్తు దగ్గర పెట్టి ఒక్కసారి నొక్కండి. చల్లారాకే బేకింగ్ పేపర్ ఊడదీయాలి.

మామూలు కాపియర్లో పొడిని కరిగించే భాగం, ఫ్యూజర్, 180, 200 డిగ్రీల దగ్గర నడుస్తుంది, కాగితం అందులో క్షణంలో దాటిపోతుంది. 1959లో వచ్చిన జెరాక్స్ 914లో కాగితం ఇరుక్కుంటే అంటుకునేది. దాంతో పాటు చిన్న మంటలార్పే సిలిండర్ కూడా ఇచ్చేవారు. పేరు మాత్రం మర్యాదగా 'స్కార్చ్ ఎలిమినేటర్'.

గట్టిగా పట్టిందా లేదా అనడానికి నా పరీక్ష: అక్షరం మధ్యగా కాగితాన్ని మడిచి, గోటితో గీసి, విప్పి వేలితో రుద్దండి. మడత మీద సన్న గీతలా మాత్రమే రాలితే బాగా కరిగినట్టు. పెచ్చుపెచ్చులుగా ఊడితే వేడి చాల్లేదు.

ఇదే కన్నుతో షాపు మెషీన్

బొమ్మ పాడైతే మొదట అడగాల్సింది 'ఏ మెట్టు దగ్గర పోయింది' అని. ప్రింటు సగంలో ఉండగా మూత తెరిచి మెషీన్ ఆపి, డ్రమ్ము మీద చూడండి. వెలుగు ఎక్కువ తగలకుండా త్వరగా చూసి మూసేయాలి. డ్రమ్ము మీదే బోలుగా ఉంటే డెవలపర్ వైపు వెళ్లాలి. డ్రమ్ము మీద నిండుగా ఉండి కాగితం మీద బోలుగా ఉంటే, ట్రాన్స్‌ఫర్ రోలర్ జోలికి పోకముందు కొత్త ప్యాకెట్ విప్పి పెట్టండి. కాగితం మీద బాగానే ఉండి వేలికి అంటుతుంటే ఫ్యూజర్ చల్లగా ఉంది, లేదా కాగితం మరీ మందం. పైన వచ్చిన అక్షరం కింద మళ్లీ లేతగా దెయ్యంలా కనిపిస్తే, కరిగిన టోనర్ కొంత ఫ్యూజర్ రోలర్‌కు అంటుకుని ఒక చుట్టు తిరిగి మళ్లీ కాగితం మీద దిగుతోంది. వేడి మరీ తక్కువైనా అలా అంటుకుంటుంది, మరీ ఎక్కువైనా అంటుకుంటుంది.

చెమ్మ కాగితం ఫ్యూజర్లోకి వెళ్తే ఆవిరి వస్తుంది, కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది. అది చూసి పొగ అనుకుని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. ప్యాకెట్ల పై కవరు తేమ రాకుండా చేసిందే, వాడే ముందు దాకా విప్పకండి. విప్పాక మిగిలింది మళ్లీ అదే కవర్లో చుట్టి, నేలకు అడుగు ఎత్తున, గోడకు బెత్తెడు దూరంగా ఉంచండి. చల్లటి ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి కట్ట తెచ్చి వెంటనే విప్పితే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది.

చేతులు, బట్టలు చన్నీళ్లతోనే కడుక్కోండి. వేడినీళ్లు పోస్తే మచ్చ బట్టలోకి ఇంకా దిగుతుంది. నా చొక్కాల్లో ఒకదానికి ఆ సాక్ష్యం ఇంకా ఉంది.

మా పిల్ల తీసిన 'విశాఖ'ను లామినేషన్ చేయించకుండా మామూలు ప్లాస్టిక్ ఫైల్ కవర్లో దాచుకుంది. మే నెలలో తీసి చూస్తే 'ఖ' సగం కవరుకు అంటుకుపోయింది. మెత్తటి పీవీసీ కవర్లలో ఉండే నూనెలాంటి పదార్థం టోనర్‌ను మెత్తబరుస్తుంది. మీ సర్టిఫికెట్ల జెరాక్స్‌లు కూడా అలాంటి కవర్లలో ఉంటే మధ్యలో ఒక తెల్ల కాగితం పెట్టండి.